దాహమునకు తర్ఫీదు లేదు

రోహిణి కార్తెలో, పట్టపగలు, సూర్యాపేట వ్యవసాయ మార్కెట్టులో ధాన్యపు బస్తాలను వీపునకెత్తుకొని లారీలకు చేర్చు హమాలీని, అదే వేళకు ఏదో పనిమీద బస్సు దిగి, పావుగంట ఎండలో నిలిచినంతనే కన్నులు బైర్లు క్రమ్మి నీడకై వెదకుకొను పట్టణవాసిని ప్రక్కప్రక్కన చూచినవారికి ఒక సందేహము కలుగక మానదు. ఇరువురిమీదను కాయుచున్నది ఒకే ఎండ, వీచుచున్నది ఒకే వడగాలి. అట్లుండగా బరువు మోయువాడు నిలిచి, వట్టిచేతులతోనున్నవాడు సోలిపోవుట యేల? "వానికి అలవాటు" అని చెప్పుకొని మనము సాధారణముగా తృప్తిపడుదుము. కాని ఆ అలవాటు దేహములో ఎచ్చట చేరియున్నది, ఎన్నాళ్ళకు చేరును, ఎన్నాళ్ళకు విడిచిపోవును, ఎండకు అలవడినట్లే నీరు లేకుండుటకు గూడ దేహమును అలవరచవచ్చునా, అని అడిగినచో సమాధానము అంత సులభముగా దొరకదు.

ఈ ప్రశ్నలను అందరికంటె గట్టిగా అడుగవలసివచ్చినవి సైన్యములు. ఒక పదాతి కంపెనీ అనగా రమారమి నూటయిరువదిమంది కాలిబంట్లు; మూడు ప్లటూన్లు, ఒక్కొక్క ప్లటూనులో మూడు సెక్షన్లు, సెక్షనుకు పదిమంది చొప్పున జవానులు. యుద్ధము పొంచియున్న దినములలో ఇట్టి కంపెనీని ఎడారిలో డేరాలు వేయించి శిక్షణకు నిలిపినప్పుడు, శత్రువు తుపాకి ప్రేలకమునుపే సూర్యుడు వారిలో కొందరిని పడగొట్టగలడు. అందుచేత ఆ శిబిరములో ఎప్పుడు లేవవలెను, ఎప్పుడు త్రవ్వవలెను, ఎప్పుడు త్రాగవలెను అను ప్రతి నియమము వెనుకను దేహధర్మమునకు సంబంధించిన ఒక కారణము దాగియుండును. ఆ కారణములను తెలిసికొన్నచో మార్కెట్టులోని హమాలీ సంగతియు, మిర్యాలగూడ మిల్లులోని కూలి సంగతియు బోధపడును.

సినాయి నుండి రాజస్థానము వరకు

మన ప్రాంతమునకు మరుభూమి యుద్ధములతోడి సంబంధము నూరేండ్లకు పైబడినది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నిజాము రాజ్యములో నుండిన కాలమున, మొదటి ప్రపంచయుద్ధములో హైదరాబాదు లాన్సర్లు అను అశ్వదళము సూయెజు కాలువ తీరమునను, సినాయి ఎడారియందును, పిమ్మట పాలస్తీనాయందును పనిచేసెను. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకమందలి మూడు విగ్రహములు హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూరు దళములకు చిహ్నములు. ఆ దళము చేరియున్న బ్రిటిషు సైన్యము సినాయిని దాటుటకు చేసిన ఏర్పాటులు గమనింపదగినవి. నైలునది నీటిని శుద్ధిచేసి, గొట్టములగుండ ఎడారి మీదుగా సైన్యము వెంబడి తీసికొనిపోయిరి. కాలిబంట్ల పాదములు ఇసుకలో దిగబడకుండ ఇనుపతీగల వలను దారిపొడవున పరచిరి. ఆ వల వట్టి సౌకర్యమునకై వేసినది కాదు. మెత్తని ఇసుకలో నడచుటకు గట్టినేలమీద నడచుటకంటె రెట్టింపునకు మించిన శక్తి వ్యయమగును. ఏలయన వేసిన ప్రతి అడుగుతోడను ఇసుక జరిగిపోవుటచే కండరముల శ్రమలో కొంత ఇసుకను కదలించుటకే ఖర్చగును. అధికమైన శ్రమ అధికమైన వేడిగను, వేడి చెమటగను, చెమట నీటి అవసరముగను పరిణమించును. ఇనుపవల పరచుట అనగా నీటిని ఆదా చేయుటయే.

రెండవ ప్రపంచయుద్ధములో ఈజిప్టు, లిబియా ఎడారులలో పోరాడిన 4వ భారత డివిజనులో మద్రాసు సాపర్ల, అనగా సైనిక ఇంజనీర్ల, 12వ ఫీల్డు కంపెనీ ఉండెను. తమిళులతోపాటు తెలుగువారును చేరుచు వచ్చిన ప్రాచీన దళమది. అచ్చట మనిషికి దినమునకు సామాన్యముగా ఒక గాలను, అనగా సుమారు 4.5 లీటర్ల నీరు మాత్రమే లభించెడిది. త్రాగుటకు, వంటకు, ముఖము కడుగుకొనుటకు అన్నిటికిని అదియే. ఇటీవలి కాలమునకు వచ్చినచో, 2001 డిసెంబరులో పార్లమెంటుమీద దాడి జరిగిన పిమ్మట ఆరంభమైన 'పరాక్రమ్' మోహరింపు 2002 అక్టోబరు వరకు సాగుటచే, మన జవానులు రాజస్థాన సరిహద్దులలో ఒక వేసవి నంతయు యుద్ధసన్నద్ధులై గడపవలసి వచ్చెను.

ఇచ్చట ఒక విచిత్రమున్నది. కోదాడ కుర్రవాడు మద్రాసు రెజిమెంటులో చేరినాడనుకొందము. ఆ రెజిమెంటు కేంద్రము నీలగిరులలోని వెల్లింగ్టన్. సముద్రమట్టమునకు సుమారు 1,800 మీటర్ల ఎత్తుననున్న చల్లని చోటు. రోళ్ళు పగులు ఎండలలో పుట్టిపెరిగినవాడు, ఆ కొండలలో మాసముల తరబడి శిక్షణ పొంది, అచ్చటనుండి రాజస్థానమునకు పంపబడినప్పుడు, ఎన్నడును ఎండ యెరుగని కొండప్రాంతపు సహచరునితోపాటు అతనినిగూడ క్రొత్తవానిగనే యెంచి, రెండు వారములు మెల్లమెల్లగా ఎండకు అలవరచవలసియుండును. పుట్టిన ఊరి యెండ అతనికి ఏమియు మిగుల్చలేదా?

చెమటయందలి చలువ

మట్టికుండలోని నీరు చల్లబడు తీరు మనకు తెలిసినదే. కుండ గోడలోని సన్నని రంధ్రములగుండ నీరు పైకి ఊరి, గాలికి ఆవిరియగుచు, అందులకు కావలసిన వేడిని కుండనుండియే లాగికొనును. మానవదేహమును ఎండలో ఈ ఉపాయముతోడనే బ్రదుకుచున్నది. భేదమేమనగా, కుండకు వేడి బయటినుండి మాత్రమే వచ్చును. దేహము లోపలగూడ వేడిని పుట్టించుకొనును. ఊరక కూర్చున్న మనిషి సుమారు 100 వాట్ల వేడిని వెలువరించును. వీపున పిట్టూ అను సంచి మోయుచు, చేత రైఫిలు పట్టి ఇసుకలో నడచు జవానులో అది 500 వాట్ల వరకు పెరుగును. కండరము తాను వినియోగించు శక్తిలో నాలుగవ వంతును మించి పనిగా మార్చలేదు, తక్కినదంతయు వేడియే. ఆ వేడి బయటకు పోవు దారి లేకున్నచో, 70 కిలోల మనిషి దేహోష్ణము ఎనిమిది పది నిమిషముల కొక డిగ్రీ చొప్పున పెరిగి, అరగంటలోనే ప్రాణాపాయపు హద్దును చేరును.

చల్లని వేళ ఈ వేడి చర్మమునుండి గాలికి సులభముగనే పోవును. కాని శ్రమలోనున్నవాని చర్మము సుమారు 35 డిగ్రీల ఉష్ణముననుండును. గాలి ఉష్ణము దానిని మించినంతనే ప్రవాహము తలక్రిందులై, గాలియే దేహమునకు వేడినిచ్చుట మొదలిడును. రాజస్థానములోని ఫలోదీయందు 2016 మే 19న 51 డిగ్రీల ఉష్ణము నమోదయ్యెను. అట్టి గాలిలో చెమట లేని చర్మముమీద విసనకఱ్ఱ విసరుకొన్నను వేడి పెరుగునే గాని తగ్గదు. అప్పుడు మిగులు దారి చెమట యొక్కటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరియైనచో సుమారు 580 కిలోకేలరీల వేడి తరలిపోవును. నడకవలన లోపల పుట్టిన వేడిని పోగొట్టుటకు గంటకు ముప్పాతిక లీటరు, ఎండయు గాలియు బయటినుండి కలుపు వేడికై మరికొంత, వెరసి గంటకు లీటరుకు పైబడిన చెమట కావలసివచ్చును.

ఈ లెక్కలో ఒక మోసమున్నది. ఎడారి గాలి అతిశుష్కమగుటచే చెమట పుట్టినచోటనే ఆవిరియైపోవును. చొక్కా తడియదు, నుదుట బిందువు నిలువదు. "నాకు చెమటయే పట్టుట లేదు" అని క్రొత్త జవాను సంతోషించును. సాయంకాలమున చొక్కామీద తెల్లని ఉప్పుచారలు కనబడినప్పుడు గాని తానెంత నీటిని పోగొట్టుకొన్నదియు తెలియదు. శిబిరములో గుడ్డతో కుట్టిన నీళ్ళసంచిని, దానినే సైనికులు చాగల్ అందురు, నీడన వ్రేలాడగట్టుదురు. దాని పైతలమునుండి నీరు ఊరి ఆవిరియై లోపలి నీటిని చల్లబరచును. ఆ సంచి ప్రతిదినము కొంత తరుగుచుండుటను వారు కన్నులార చూచుచుందురు. తమ దేహములును అట్లే తరుగుచున్నవని వారిచే గ్రహింపజేయుటయే ఎడారి శిక్షణలో మొదటి పాఠము.

మొదటి రెండు వారములు

మొదటి దినమున గుండె పడు కష్టమే అన్నిటికంటె పెద్దది. కండరములు రక్తము కోరును. వేడిని పైకి తెచ్చుటకు చర్మమును రక్తము కోరును. రెండింటికిని సరిపోవునంత రక్తము లేదు. అందుచే నాడి వేగముగా కొట్టుకొనును. చర్మమునందును కాళ్ళయందును రక్తము నిలిచిపోయి మెదడునకు తగ్గుటచే, కవాతు వరుసలో కదలక నిలుచున్న జవాను చటుక్కున మూర్ఛిల్లును. ఇది పిరికితనము గాదు, బలహీనతయును గాదు.

మూడునాలుగు దినములు గడచుసరికి దేహము మొదటి మార్పు చేసికొనును. రక్తములోని ద్రవభాగము పెరుగును. పలువురిలో అది పదవవంతు వరకు హెచ్చును. పంచుటకు రక్తము సమృద్ధిగా నుండుటచే గుండె నెమ్మదించును. వారము పూర్తియగునప్పటికి చెమట ముందుకంటె త్వరగా ఆరంభమై, ముందుకంటె ధారాళముగా పుట్టును. అంతకంటె ఆశ్చర్యకరమైనది ఉప్పు విషయము. అలవడనివాని చెమటలో లీటరుకు మూడునాలుగు గ్రాముల ఉప్పుండును. మూత్రపిండములపైనుండు చిన్న గ్రంథులు విడుదలచేయు ఒక రసము చెమటనాళములకు ఉప్పును తిరిగి పీల్చుకొనుట నేర్పుటచే, కొన్ని దినములలో అది సగమునకంటె తక్కువగును. పది పదునాలుగు దినములకు ఈ మార్పులన్నియు ఇంచుమించు పూర్తియగును.

అయితే డేరా నీడన పరుండి రెండు వారములు గడపినవానికి ఇది లభింపదు. ప్రతిదినము గంటన్నర రెండు గంటలు, దేహోష్ణము కొంచెము పెరిగి చెమటపట్టునంత పని ఎండలో చేయవలెను. మొదటి దినమున కొద్దిపాటి, మరునాడు మరికొంత. ఇట్లార్జించినది శాశ్వతము గాదు. ఎండనుండి తొలగినచో ఒకటి రెండు వారములలో తగ్గుట మొదలై, నెలదినములలో చాలవరకు మాయమగును. వెల్లింగ్టన్ కొండలలోనుండి వచ్చిన కోదాడ కుర్రవాని సమస్యకు ఇదియే సమాధానము. అతని బాల్యమందలి వేసవులు అతని రక్తములో నిలిచియుండలేదు. నిన్నటి ఎండయే నేటి బలము. మార్కెట్టు హమాలీ జయించుటయు పుట్టుకచే గాదు. మార్చి మొదలు ప్రతిదినము పెరుగుచున్న ఎండలో, పెరుగుచున్న సంఖ్యలో బస్తాలను మోయుచు వచ్చుటచేత.

ఒక మాట ఇచ్చట చెప్పక తప్పదు. దేహమునకు గడువిచ్చు ఈ నియమము ఎడారికే పరిమితము గాదు. 16వ బిహార్ పటాలమునకు అధిపతియై 2020 జూన్ 15న గల్వాను లోయలో వీరమరణము పొంది, మహావీర చక్రముతో గౌరవింపబడిన సూర్యాపేట బిడ్డ కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు పనిచేసిన లద్దాఖులో గాలి పలుచన. అచ్చటికి పోవు ప్రతి జవానును ఎత్తునుబట్టి అంచెలంచెలుగా నిలిపి, దేహము సర్దుకొన్న పిమ్మటనే పైకి పంపుదురు. మన మూడు పట్టణములనుండి సైన్యమున చేరువారికి సముద్రమట్టమునకు సమీపమందలి ఈ మైదానపు దేహము మొదట ఇసుకకును, పిదప మంచునకును క్రొత్తదియే.

ఎండ నేర్పవచ్చును, దాహము నేర్పరాదు

ఎండకు అలవాటు చేయగలిగినప్పుడు నీటి కొరతకు మాత్రము అలవాటు చేయరాదా యని సేనానులు తలంచుట సహజమే. పూర్వము అనేక సైన్యములలో ఈ విశ్వాసము బలముగా నుండెను. దినదినము నీటిని తగ్గించుచు పోయినచో జవాను 'గట్టిపడి' తక్కువ నీటితో పోరాడగలడని నమ్మిరి. 1942లో అమెరికనులు కాలిఫోర్నియా ఎడారిలో జనరల్ ప్యాటన్ ఆధ్వర్యమున పెద్ద శిక్షణాకేంద్రమును నెలకొల్పిరి. ఆ కాలముననే రోచెస్టరు విశ్వవిద్యాలయమునకు చెందిన ఎడ్వర్డు అడోల్ఫు అను శరీరశాస్త్రవేత్త తన బృందముతో ఎడారికి పోయి, సైనికులను తూచి, వారి చెమటను, వారు త్రాగిన నీటిని కొలిచి, ఈ విశ్వాసమును పరీక్షించెను. ఆయన ఫలితములు 1947లో గ్రంథరూపమున వెలువడినవి.

నీరు మానిపించుటవలన దేహమునకు నీటి అవసరము ఏమాత్రమును తగ్గదని తేలెను. నీరు త్రాగనివాడు త్రాగినవానితో సమానముగనే చెమటోడ్చును, కాని ముందుగ కూలును. ఎన్నిసార్లు అభ్యసించినను ఫలితము మారదు. పైపెచ్చు ఎండకు బాగుగా అలవడినవానికి నీటి అవసరము హెచ్చగును, ఏలయన వాని చెమట మునుపటికంటె ధారాళము. చొక్కా విప్పినచో చల్లగానుండునను భావమును గూడ ఆయన కొలతలు త్రోసిపుచ్చినవి. వదులైన దుస్తులు ఎండను అడ్డగించుటచే, వస్త్రధారి కోల్పోవు నీరే తక్కువ.

అడోల్ఫు గుర్తించిన మరియొక సంగతి నాకు వీటన్నిటికంటె ముఖ్యమైనదిగా తోచును. నీరు చేరువలో సమృద్ధిగా నున్నప్పటికిని, మనుష్యులు ఎండలో పనిచేయునప్పుడు తాము పోగొట్టుకొన్నంత నీటిని తమంతట తాము త్రాగరు. కొంత త్రాగి, దాహము తీరెననుకొని, లోటుతోనే పని సాగింతురు. ఆ లోటును భోజనసమయమున గాని పూరించుకొనరు. దాహము ఆలస్యముగా మేల్కొను కావలివాడు. 70 కిలోల మనిషి ఇంచుమించు లీటరు నీటిని కోల్పోయిన పిమ్మటనే అది గట్టిగా పిలుచును. దేహభారములో నూటికి రెండు వంతులు తరిగినంతనే నాడి పెరిగి, దేహోష్ణము హెచ్చి, నడక మందగించును. అయిదారు వంతులు తరిగినచో చిరాకు, తలనొప్పి, నిస్సత్తువ ఆవహించి, ఆజ్ఞ వినుటయు తుపాకి గురిచూచుటయు దుర్ఘటమగును.

కావుననే నేడు ఎడారి శిక్షణలో నీరు త్రాగుట జవాను ఇష్టమునకు వదలక, పనిలో భాగముగా చేయింతురు. పావుగంటకో ఇరువది నిమిషములకో ఒకసారి కొంచెము చొప్పున త్రాగించుట, మూత్రపు రంగు ముదురుచున్నదేమో గమనింపుమనుట, ఇద్దరిద్దరిని జతపరచి ఒకరినొకరు చూచుకొనుమనుట సెక్షను నాయకుని విధులు. నీటికి గూడ పరిమితి కలదు. గంటకు లీటరున్నరను మించి గంటలతరబడి వట్టి నీటినే త్రాగినచో రక్తములోని ఉప్పు పలుచబడి, వడదెబ్బను పోలిన మరియొక అపాయము కలుగును. వెనుకటి సైన్యములు ఉప్పుబిళ్ళలను పంచెడివి. నేడు ఆ పనిని శిబిరపు వంటశాలలోని పప్పు, పచ్చడి, మజ్జిగ నెరవేర్చుచున్నవి. పొలమునకు పోవు మన రైతు ఉప్పువేసిన అంబలిని వెంట తీసికొనిపోవుటలోని వివేకమునకును శాస్త్రమునకును ఇచ్చట భేదము లేదు.

శిబిరములో ఒక దినము

వేకువ చీకటిలోనే కంపెనీ మేల్కొనును. బూట్లను తలక్రిందులు చేసి విదిలించుట మొదటి పని. రాత్రి చల్లదనమునకు తేళ్ళు అందు దూరియుండవచ్చును. తెల్లవారుటకు ముందు 'స్టాండ్ టు': దాడికి అనువైన ఆ సంధ్యవేళ ప్రతివాడును తన కందకములో ఆయుధముతో నిలుచును. పిదప పీటీ, పరుగు, తుపాకి అభ్యాసము. కాల్పులు ఉదయముననే జరుపుటకు చల్లదనము ఒక్కటే కారణము గాదు. నేల వేడెక్కినకొలది దానిని అంటియున్న గాలిపొర పలుచబడి, వెలుగు వంగి, గురి అలలవలె కదలాడును. మధ్యాహ్నవేళ సూర్యాపేట కోదాడల నడుమ తారురోడ్డుమీద దూరమున నీటిమడుగు కనబడి, సమీపించినకొలది వెనుకకు జరుగుట ప్రయాణికులందరు చూచినదే; కాల్చువానికి ఆ ఎండమావియే గురి తప్పించును.

తొమ్మిది పది గంటలవరకు కందకములు త్రవ్వుదురు. ఎంత త్రవ్వినను గోడ జారి పూడిపోవు ఇసుకలో, ఇసుకబస్తాలు పేర్చి గోడలు నిలుపవలెను. మభ్యపెట్టుటకు కట్టిన వలయే నీడయు నగును. మిట్టమధ్యాహ్నము శ్రమ నిషిద్ధము. ఆ వేళ ఆయుధములు శుభ్రపరతురు. నూనె ఎక్కువైనచో ఇసుకరేణువులు అంటుకొని యంత్రభాగములు బిగిసిపోవును గనుక, మైదానములలోవలె గాక అతిస్వల్పముగా నూనె పూయుదురు. సాయంకాలము మరల కవాతు. చీకటిపడిన పిమ్మట, కొండలు గాని చెట్లు గాని లేని ఆ విశాలములో నక్షత్రములను, దిక్సూచిని నమ్ముకొని నడచుట. దీర్ఘప్రయాణములన్నియు రాత్రియే. పగలు పదిమైళ్ళకు వ్యయమగు నీటితో రాత్రి అంతకుమించిన దూరమును నడువవచ్చును.

వివరణ: ఎడారి రాత్రి చల్లనగుటకు కారణము

*పగలు ఇసుక పైపొర చేయి పెట్టలేనంత కాలును గాని, రేణువుల నడుమ గాలి నిండియుండుటచే ఆ వేడి లోతునకు దిగదు. సూర్యుడు క్రుంకినంతనే ఆ పలుచని పొర తన వేడిని ఆకాశమునకు వెదజల్లును. తేమగల ప్రాంతమున గాలిలోని నీటియావిరి ఆ వేడిని కొంత పట్టి తిరిగి నేలకు పంపును. ఎడారిలో అట్టి ఆవిరియు మేఘమును లేకుండుటచే వేడి నిరాటంకముగా తరలిపోవును. పగలు చెమటోడ్చిన జవానే రాత్రి కంబళి కప్పుకొనును. ఈ చల్లని గంటలలోనే దేహము పగటి భారమునుండి తేరుకొనును. కృష్ణాతీరపు ఉక్క రాత్రులలో మనకు దొరకనిది ఆ విరామమే.*

మిర్యాలగూడ మిల్లులో

ఉష్ణమాపకములో కనబడు అంకె ఒక్కటే అపాయమును తెలుపదు. 1950లలో అమెరికాలో పారిసు ద్వీపమను తేమగల సముద్రతీరపు శిబిరమున, మెరీను దళపు క్రొత్తవారు వేసవి శిక్షణలో వడదెబ్బకు గురియగుచుండగా, యాగ్లూ, మినార్డు అను పరిశోధకులు క్రొత్త కొలతను రూపొందించి 1957లో ప్రకటించిరి. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకము, ఎండలో వ్రేలాడదీసిన నల్లని గోళములోని ఉష్ణమాపకము, నీడనుంచిన సామాన్యమైనది, ఈ మూటి అంకెలను కలిపి, పదింట ఏడువంతుల ప్రాధాన్యమును తడిదానికే ఇచ్చిరి. చెమట ఆవిరియగునా కాదా యని తెలుపునది అదియే గనుక. ఆ కొలతనుబట్టియే నేటికిని అనేక దేశముల సైన్యములు కవాతు నిలుపుటో సాగించుటో నిర్ణయించును.

ఈ దృష్టితో చూచినచో, పొడి ఎడారిలో 45 డిగ్రీలకంటె, ఉప్పుడు బియ్యము తయారగు మిర్యాలగూడ మిల్లులో 38 డిగ్రీలు కఠినతరము కావచ్చును. నాగార్జునసాగరు ఎడమకాలువ ఆయకట్టు వడ్లు వచ్చిచేరు ఆ పట్టణములో, వడ్లను ఆవిరితో ఉడికించు తొట్ల ప్రక్కన, బాయిలరు సెగలో బస్తా మోయువాని దేహమునుండి చెమట ధారగా కారును. కారిన చెమట చల్లబరచదు, ఆవిరియైనదే చల్లబరచును. వాని నీరు వ్యర్థముగా పోవుచుండగా లోపలి వేడి నిలిచిపోవును. జవానుకు గడియారము చూచి నీరు త్రాగించు హవల్దారుండును. మిల్లుకూలికి బస్తాల లెక్క వ్రాయు గుమాస్తా మాత్రమే యుండును. లెక్కకు కూలి గనుక నీటికై ఆగినచో వానికే నష్టము. 2002 మే నెలలో, మన సైన్యము రాజస్థానములో నిలిచియున్న ఆ వేసవిలోనే, ఆంధ్రప్రదేశమున వడగాడ్పులకు వేయిమందికి పైగా మరణించిరి. 2015 మే నెలలో మరల రెండు తెలుగు రాష్ట్రములలో అట్టి ఘోరమే జరిగెను. ఆ చనిపోయినవారిలో వృద్ధులును, రోగులును, ఎండలో పనిచేయు కూలీలును కలరు.

వడదెబ్బ తగిలినవాని మాట తడబడును, నడక తూలును, ప్రశ్నకు పొంతనలేని జవాబు చెప్పును. దేహోష్ణము 40 డిగ్రీలు దాటియుండును. సైనిక వైద్యులు పాటించు క్రమము స్పష్టమైనది: ముందు చల్లబరచుట, పిమ్మట ఆసుపత్రికి తరలించుట. దుస్తులు వదులుచేసి, దొరికిన నీటినంతయు మీద కుమ్మరించి విసరవలెను. సిమెంటు తొట్టి ఉన్నచో మెడవరకు నీటిలో నుంచవలెను. స్పృహ తప్పినవాని నోట నీరు పోయరాదు. అంబులెన్సు వచ్చువరకు నిరీక్షించుచు గడపిన ప్రతి నిమిషము మెదడునకు హానికరము.

మిల్లులలోను, మార్కెట్టులలోను, వాడపల్లి ప్రాంతపు సిమెంటు కర్మాగారములలోను అందరికంటె అపాయములో నున్నవాడు వృత్తిలో తలపండినవాడు గాదు, క్రొత్తగా వచ్చినవాడు. పండుగకు ఇంటికిపోయి నెల తరువాత తిరిగివచ్చినవాడు. బిహారునుండి రైలు దిగి మరునాడే బస్తా ఎత్తినవాడు. ఇట్టివారికై కార్మికారోగ్య నిపుణులు చెప్పు నియమము ఎడారి శిబిరపు నియమమునకు ప్రతిరూపమే: క్రొత్తవానికి మొదటి దినమున వేడిలో అయిదవవంతు పని, మరునాడు మరియొక అయిదవవంతు, ఇట్లు అయిదవనాటికి పూర్తిపని, అనుభవజ్ఞుడు సెలవునుండి వచ్చినచో మొదటినాడు సగము, నాలుగవనాటికి పూర్తిపని. ఆ అయిదు దినములకును పూర్తికూలి ఇచ్చినప్పుడే ఈ నియమము అమలగును. లేనిచో కడుపు నింపుకొనవలసినవాడు మొదటి దినముననే పూర్తి బస్తాలు మోయును.